నల్లా నీళ్లా, క్యాన్ నీళ్లా, సీసా నీళ్లా: ఇంటి తాగునీటిని ఎంచుకునే ముందు

మొన్న ఒక ఆదివారం మా వంటింటి గట్టు మీద నాలుగు గాజు గ్లాసులు వరుసగా పెట్టాను. ఒకదానిలో నల్లా నీళ్లు, రెండోదానిలో వీధి చివరి ప్లాంటు నుంచి వచ్చే క్యాన్ నీళ్లు, మూడోదానిలో దుకాణంలో కొన్న లీటరు సీసా నీళ్లు, నాలుగోదానిలో అపార్ట్‌మెంటు బోరు నీళ్లు పోసి, పెన్ను ఆకారంలో ఉండే టీడీఎస్ మీటరును (నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది) ఒక్కోదానిలో ముంచి చూశాను. నల్లా నీటికి 270, క్యాన్ నీటికి 34, సీసా నీటికి 88, బోరు నీటికి 1,120 వచ్చాయి. ఏ గ్లాసులో ఏ నీళ్లున్నాయో చెప్పకుండా మా అత్తగారికిస్తే ఆవిడ అన్నీ రుచి చూసి, క్యాన్ నీళ్లున్న గ్లాసు చూపించి "ఇవి తియ్యగా ఉన్నాయి, ఇవే మంచివి" అన్నారు. మన ఇళ్లలో తాగునీటి ఎంపిక చాలావరకు ఇలాగే, నాలుక చెప్పిన మాట మీద జరుగుతోంది. నాలుకకు తెలిసేది నీటిలో కరిగిన లవణాల సంగతి మాత్రమే. ప్రాణం మీదికి తెచ్చే సూక్ష్మజీవుల గురించి గానీ, ఎముకలను వంచే ఫ్లోరైడ్ గురించి గానీ నాలుక చెప్పలేదు, ఆ మీటరూ చెప్పలేదు.

అందువల్ల "నల్లా మంచిదా, సీసా మంచిదా" అని అడిగే ముందు మన నల్లాలోకి వచ్చే నీరు ఎక్కడిది, దానికి ఉన్న దోషం ఏమిటి అని తెలుసుకోవాలి. తాగునీటి దోషాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది మురుగు ద్వారా చేరే సూక్ష్మజీవులు: వీటివల్ల అతిసారం, టైఫాయిడ్, కామెర్లు వస్తాయి. రెండోది నేలలోంచి కరిగి వచ్చే ఫ్లోరైడ్, నైట్రేట్, మితిమీరిన లవణాలు: వీటి దెబ్బ ఏళ్లు గడిచాక బయటపడుతుంది. మొదటి దోషానికి మరిగించడం కంటే నమ్మకమైన మందు లేదు. రెండోదానికి మరిగించడం ఏమాత్రం పనికిరాదు సరికదా, ఆవిరైన మేరకు నీరు తగ్గి లవణాల సాంద్రత ఇంకాస్త పెరుగుతుంది. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే మిగిలిన ఎంపిక చాలా తేలిక అవుతుంది.

నది నీరు వచ్చే పట్టణాల సంగతి ముందు చూద్దాం. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) హైదరాబాద్ దాహం తీర్చాయి. 1960ల నుంచి మంజీరా, 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి గోదావరి నీళ్లు నగరానికి వస్తున్నాయి. విజయవాడకు కృష్ణ, రాజమహేంద్రవరానికి గోదావరి ఉన్నాయి. ఇలాంటి ఉపరితల జలాల్లో కరిగిన లవణాలు మామూలుగా తక్కువే. శుద్ధి కేంద్రంలో ఈ నీటికి పటిక కలిపి మడ్డిని పేరబెట్టి, తేటను ఇసుక పొరల గుండా వడకట్టి, చివరికి క్లోరిన్ కలిపి పంపుతారు. మన తాతమ్మలు బిందె అడుగున చిల్లగింజ అరగదీసి బురద నీటిని తేరబెట్టినది కూడా ఈ సూత్రం మీదే. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉండడం మేలు, 100 మిల్లీలీటర్ల నీటిలో మురుగు చేరిందని చెప్పే ఇ-కోలై సూక్ష్మజీవి ఒక్కటి కూడా కనబడకూడదు, క్లోరిన్ కలిపిన నీరు నల్లా దగ్గరికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

ఆ మిగిలిన క్లోరిన్ గురించి ఒక మాట చెప్పాలి. మనలో చాలామంది నల్లా నీళ్లకు "మందు వాసన" వస్తోందని ముఖం తిప్పేసుకుని క్యాన్‌కు మారిపోతారు. నిజానికి ఆ సన్నని వాసన దారి పొడవునా నీటికి కాపలా ఉందని చెప్పే గుర్తు. వాసన గిట్టనివారు వెడల్పు మూతి గిన్నెలో పోసి పలుచటి గుడ్డ కప్పి కొద్దిసేపు ఉంచితే చాలా వరకు పోతుంది. ఎప్పుడూ వచ్చే వాసన ఒకరోజు అసలు రాకపోయినా, నీరు రంగు మారినా, కుళ్లు కంపు కొట్టినా అప్పుడు భయపడాలి, ఆ రోజు ఆ నీరు తాగకూడదు.

నల్లా నీటికి అసలు ప్రమాదం శుద్ధి కేంద్రం నుంచి బయలుదేరాక మొదలవుతుంది. మన ఊళ్లలో నీరు రోజంతా రాదు. రోజుకో గంటో, రెండు రోజులకోసారో వదులుతారు. వదిలినంతసేపు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చిల్లు ఉంటే నీరు బయటికి కారుతుంది. ఆపేశాక గొట్టం ఖాళీ అయ్యి, అదే చిల్లు గుండా చుట్టూ ఉన్న తడి లోపలికి ఇంకుతుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ మురుగే ఇంకుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగేవారు తమ ఇంటికి ఎక్కువ నీళ్లు తెచ్చుకుంటున్నామని అనుకుంటారు గానీ, ఆ లాగుడుకు గొట్టంలోకి మురుగు మరింత వేగంగా చేరుతుంది. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో, గుంటూరులో 2018 మార్చిలో కలుషితమైన కుళాయి నీరు తాగి జనం ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి నీళ్లు వదలగానే వచ్చే మొదటి ఐదు పది నిమిషాల నీటిని తాగడానికి పట్టుకోకుండా బట్టలకో మొక్కలకో వాడుకోవాలి. నేరుగా మోటారు పెట్టే అలవాటు వీధిలో ఎవరికున్నా నచ్చజెప్పి మాన్పించాలి.

ఆ తరువాతి ప్రమాదం మన గేటు లోపలే ఉంది. మా అపార్ట్‌మెంటు సంపు కడిగించిన రోజు నేను దగ్గరుండి చూశాను. ఇనుప మూత తీసి టార్చి వేస్తే గోడల మీద జారుడు పాచి, అడుగున రెండు వేళ్ల మందం గోధుమ రంగు మడ్డి, మూత అంచున చచ్చిన బొద్దింకలు కనిపించాయి. నీరంతా తోడాక మురుగు గుంతవైపు గోడలో వెంట్రుకవాసి పగులు బయటపడింది, దాని చుట్టూ సిమెంటు నల్లగా చెమ్మగిల్లి ఉంది. ఎన్నో నెలలుగా ఆ నీటినే పైట్యాంకుకు ఎక్కించుకుని, పళ్లు తోముకుని, కూరగాయలు కడుక్కుని, "మేం తాగేది మాత్రం క్యాన్ నీళ్లే" అని ధైర్యంగా ఉన్నాం. సంపును, ట్యాంకును కనీసం ఆరు నెలలకోసారి తోడి, రుద్ది, బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగించాలి. మూతకు రబ్బరు అంచు ఉండాలి, సంపుకూ మురుగు గుంతకూ మధ్య ఎడం ఉండాలి. తాగే నీటి వరకైతే, అవకాశమున్న ఇళ్లలో సంపుతో పని లేకుండా వీధి గొట్టం నుంచి నేరుగా వచ్చే నల్లా దగ్గర బిందె పెట్టి పట్టుకోవడమే అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి.

ఇక క్యాన్. టిన్ను, బబుల్, క్యాన్ అని ఊరికో పేరు ఉన్నా, అన్నిచోట్లా దానిని "మినరల్ వాటర్" అనే అంటున్నాం. ఆ మాట ఇక్కడ పొసగదు. ఖనిజాలు సహజంగా ఉన్న ఊటనీటిని ఉన్నది ఉన్నట్టు సీసాలో నింపితే దానిని మినరల్ వాటర్ అంటారు. దానికి ఐఎస్ 13428 అనే వేరే ప్రమాణం ఉంది. శుద్ధి చేసి నింపి సీలు వేసే మామూలు సీసా నీటికి ఐఎస్ 14543 వర్తిస్తుంది. వీధి చివరి ప్లాంటులో జరిగేది చాలావరకు బోరు నీటిని ఆర్వో పొర (కరిగిన లవణాలను కూడా ఆపే అతి సన్నని వడపోత) గుండా నెట్టి, ఉన్న ఖనిజాలను కూడా తీసేసి, మనం తెచ్చిన క్యాన్‌లో గొట్టంతో నింపడం. అందుకే మా మీటరు 34 చూపించింది, అందుకే ఆ నీరు తియ్యగా అనిపించింది. ఆర్వో పొరను వేళకు మారిస్తే ఆ యంత్రం బయటికి వదిలే నీరు శుభ్రమైనదే. కానీ ఆ నీటిలో క్లోరిన్ కాపలా ఉండదు. క్యాన్‌లో ముందునుంచే పాచి ఉన్నా, నింపే మనిషి చెయ్యి మూతిలోకి తగిలినా, ఆ తరువాత సూక్ష్మజీవులను అడ్డుకునేది ఏదీ లేదు.

క్యాన్ కొనేవారు ఈసారి దానిని ఖాళీ అయ్యాక వెలుతురుకు ఎత్తి చూడండి. మెడ దగ్గర మడతల్లో, అడుగున గాడుల్లో లేత ఆకుపచ్చ పొర కనిపిస్తుందేమో, వేలు లోపలికి పెట్టి తడిమితే జిగురుగా తగులుతుందేమో గమనించండి. ప్లాంటుకు వెళ్లి క్యాన్లను వేడి నీళ్లతోనో మందు నీళ్లతోనో లోపల బ్రష్షు వేసి కడుగుతున్నారా, లేక అదే నీటిని ఒక చుట్టు తిప్పి పారబోస్తున్నారా చూడండి. పరీక్ష నివేదిక అడగండి. అడిగినందుకు విసుక్కునే చోట నీళ్లు కొనకండి. ఇంట్లో క్యాన్‌ను బోర్లించి పెట్టే స్టాండు కుళాయిని మనం వారాల తరబడి కడగమని కూడా గుర్తుంచుకోవాలి. నా అభిప్రాయంలో, శుద్ధి చేసిన నది నీరు నల్లాలో వస్తున్న ఇంట్లో ఎవరు నింపారో తెలియని విడి క్యాన్ కొనడం మంచి నీటిని వదిలి సందేహపు నీటిని కొనుక్కోవడమే.

సీలు వేసిన లీటరు సీసా విడి క్యాన్‌తో పోలిస్తే మెరుగైనదే, ఎందుకంటే అక్కడ జవాబుదారీ ఉంది. లేబులు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ, బ్యాచి సంఖ్య ఉంటాయి. ఇదివరకు ఐఎస్ఐ గుర్తు కూడా తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ నిబంధనను తీసివేసి, ఆ తరువాతి నెలలో సీసా నీటిని అధిక ప్రమాదం గల ఆహార వర్గంలో చేర్చి ఏటా తనిఖీలు జరపాలన్నారు. గుర్తు ఐచ్ఛికమైనా ఉన్న సీసానే కొనడం మంచిది. అయితే సీసా అంటే నిర్దోషం అనుకోవద్దు. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పేరున్న సీసా నీళ్లలోనే పురుగుమందుల అవశేషాలను బయటపెట్టాకే మన ప్రమాణాలు బిగిశాయి. 2024 జనవరిలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, తాము పరీక్షించిన సీసాల్లో లీటరు నీటికి సగటున రెండు లక్షల నలభై వేల ప్లాస్టిక్ రేణువులు ఉన్నాయని, వాటిలో ఎక్కువ భాగం కంటికే కాదు మామూలు సూక్ష్మదర్శినికీ అందని నానో రేణువులని ప్రకటించారు. ఆ రేణువులు ఒంటికి ఎంత చెరుపు చేస్తాయన్నది ఇంకా తేలలేదు గానీ, ఇంటిల్లిపాదీ ఏడాది పొడవునా ప్లాస్టిక్ సీసాల్లోంచే తాగవలసిన అగత్యం మాత్రం లేదు. ఎండలో నిలిపిన కారులోనో, దుకాణం ముందు ఎండకు పేర్చిన పెట్టెల్లోనో కాగిన సీసా నీరు తాగకపోవడం మంచిది, ఎందుకంటే వేడికి ప్లాస్టిక్‌లోని యాంటిమొనీ అనే రసాయనం వంటివి నీటిలోకి దిగడం ఎక్కువవుతుంది.

సీసాకు తనదైన చోటు ఉంది: రైలు ప్రయాణం, తెలియని ఊరి పెళ్లి, ఆసుపత్రి వరండా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తినప్పుడు ఇళ్ల పైకప్పుల మీద చిక్కుకున్నవారి గొంతు తడిపింది సీసా నీరే. వరద రోజుల్లో సంపుల్లోకి మురుగు చేరి ఉంటుంది కనుక, వాటిని కడిగి శుద్ధి చేసేదాకా నల్లా నీటిని, బోరు నీటిని నమ్మకూడదు. సీసా ఖాళీ అయ్యాక నలిపి పారేయాలని లేబులు మీద రాసి ఉంటుంది. నలపని సీసాలే మళ్లీ నిండి, కొత్త మూతతో బస్టాండులో మన చేతికి వస్తాయి. మూత తిప్పినప్పుడు కింది ఉంగరం తెగిన చప్పుడు రాకపోతే ఆ సీసా తిరిగి ఇచ్చేయండి.

ఖర్చు లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. నలుగురున్న ఇంటికి తాగడానికి, వండడానికి కలిపి నెలకు సుమారు 400 లీటర్లు కావాలి. లీటరు ఇరవై రూపాయల సీసాలతో అయితే నెలకు ఎనిమిది వేలు. ముప్ఫై రూపాయల ఇరవై లీటర్ల క్యాన్లతో అయితే ఇరవై క్యాన్లకు నెలకు ఆరు వందలు, ఏడాదికి ఏడు వేల రెండు వందలు. నల్లా నీటి ధర దాదాపు లేనట్టే. హైదరాబాద్‌లో మీటరు ఉన్న ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా బిల్లు లేని పథకం 2021 జనవరిలో మొదలైంది. మరిగించే ఖర్చు ఎంతో అని చాలామంది వెనకాడతారు. వంటకు వాడే నీరు ఎలాగూ వంటలోనే మరుగుతుంది కాబట్టి, విడిగా మరిగించవలసింది తాగే నీరు మాత్రమే. రోజుకు పది లీటర్లు మరిగిస్తే, నా లెక్కలో, నెలకు సుమారు నాలుగు కిలోల గ్యాసు, అంటే పావు సిలిండరుకు కాస్త పైన పడుతుంది. క్యాన్ల ఖర్చులో అది సగం కూడా కాదు. బుడగలు తెర్లుతూ పైకి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఉంచితే చాలు, పావుగంట కాచనక్కర్లేదు. మూత తీయకుండా చల్లార్చి, అదే గిన్నెలోంచి కాడ ఉన్న గరిటెతో ముంచుకోవాలి. కాచిన నీటిని చెయ్యి పెట్టి ముంచితే కాచినంత శ్రమా వృథా అవుతుంది.

ఇంతవరకు చెప్పినది నది నీరు వచ్చే ఇళ్ల గురించి. బోరు మీద బతికే ఊళ్లలో సలహా పూర్తిగా తలకిందులవుతుంది. తెలుగు నేలకు ఫ్లోరైడ్ శాపం కొత్తది కాదు. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్లు చెడే ఫ్లోరోసిస్ జబ్బు గురించి దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పాతికేళ్లకే నడుం వంగినవారిని, కాళ్లు దొడ్డిగా వంకరపోయిన పిల్లలను చూసినవారికి నీటి ఎంపిక ఎంత పెద్ద విషయమో వేరే చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దానిని ఇప్పటికీ "నల్గొండ పద్ధతి" అనే పిలుస్తుంది. 2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా గోదావరి నీటిని ఆ ఊళ్ల ఇళ్లలోకి తెచ్చింది. నది నీటి కుళాయి ఉన్న ఊరిలో తాగడానికీ, వండడానికీ ఆ నీరే వాడాలి, రుచి తేడాగా ఉందని తిరిగి బోరుకు పోకూడదు.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. తాగడానికి మంచి నీరు తెచ్చుకుని, అన్నం, పప్పు, చారు మాత్రం బోరు నీటితోనే వండుతారు. బియ్యం, పప్పు తాము పీల్చుకున్న నీటితో పాటు ఫ్లోరైడ్‌ను కూడా పీల్చుకుంటాయి, మరిగినందువల్ల అది ఎక్కడికీ పోదు. ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ వరకు ఆమోదయోగ్యం, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతి. అంతకు మించిన బోరు తప్ప మరో నీరు లేని ఇంట్లో ఆర్వో యంత్రం గానీ, నమ్మకమైన ఆర్వో ప్లాంటు క్యాన్ గానీ సరైన ఎంపిక. అక్కడ నేను క్యాన్ వద్దని చెప్పను. పొలాల మధ్య ఉన్న బోర్లలో ఎరువుల వల్ల నైట్రేట్ చేరుతుంది. దానికి హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, ఎలాంటి సడలింపూ లేదు. ఆ నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే పసిబిడ్డ ఒళ్లు నీలంగా మారే జబ్బు రావచ్చు.

ఆర్వో యంత్రం అంతటా అవసరమా అంటే, కాదు. 270 టీడీఎస్ ఉన్న నీటిని ఆర్వోలో పోయడం అంటే, ఒక లీటరు తాగునీటి కోసం రెండు మూడు లీటర్లు కాలువలోకి వదిలి, ఉన్న కాస్త కాల్షియం, మెగ్నీషియంను కూడా పారబోసుకోవడం. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని 2019లో పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్రాన్ని ఆదేశించింది కూడా. అలాంటి నీటికి సన్నని వడపోతతో పాటు అతినీలలోహిత (యూవీ) దీపం ఉన్న యంత్రం చాలు, మరిగించే ఓపిక ఉంటే అదీ అక్కర్లేదు. ఆర్వో తప్పనివారు వదిలే నీటిని బకెట్టులోకి పట్టి ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడుకోవాలి.

కొనే ముందు పరీక్ష చేయించడం మేలు. ఇంటింటికీ కుళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలల్లో సామాన్యులు కూడా కొద్ది రుసుముతో నీటిని పరీక్షించుకోవచ్చు. సూక్ష్మజీవుల కోసమైతే హెచ్‌టూఎస్ సీసా అనే చిన్న గాజు సీసా దొరుకుతుంది. గీత వరకు నీరు నింపి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, మలినం చేరిన నీరు నల్లగా మారుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే పరీక్ష ఫలితంతో నిమిత్తం లేకుండా కాచిన నీరే ఇవ్వండి. మురుగు నీటి ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు మిగిలినవారికి కొన్ని వారాల్లో తగ్గినా, నెలలు నిండుతున్న తల్లికి ప్రాణాంతకం కావచ్చు.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు అక్కడ పెట్టెలకొద్దీ సీసాలు కొనిపించడం చూస్తుంటాను. అక్కడ నగరపాలక నీరు రోజంతా ఒత్తిడితో వస్తుంది, నీటి సంస్థ ఏటా నాణ్యతా నివేదిక ఇస్తుంది. చాలా ఊళ్లలో నేరుగా కుళాయి నీరు తాగవచ్చు. 2014లో మొదలైన ఫ్లింట్ నగరపు ఉదంతంలో కుళాయి నీటిలో సీసం (లెడ్) చేరినట్టు, పాత లెడ్ గొట్టాలున్న ఇళ్లలో మాత్రం లెడ్‌ను తొలగించే వడపోత పెట్టుకోవాలి, లెడ్ కూడా మరిగిస్తే పోదు.

మా ఇంట్లో క్యాన్ మానేసి నాలుగు నెలలైంది. సంపు పగులు పూడ్చి కడిగించాక పెట్టిన హెచ్‌టూఎస్ సీసా రెండు రోజుల తరువాత కూడా లేత పసుపుగానే ఉంది. అయినా రాత్రి భోజనాలయ్యాక పది లీటర్ల స్టీలు గిన్నెలో నల్లా నీళ్లు కాచి మూతపెడుతున్నాం. మొదటి వారం "ఉప్పగా ఉన్నాయి" అన్న అత్తగారు ఇప్పుడు గుడికి వెళ్లినా పొరుగూరు వెళ్లినా ఆ గిన్నెలోంచే తన స్టీలు సీసా నింపుకుంటున్నారు.